కాంక్రీటు తొలుస్తుంటే డ్రిల్లు కాలిపోయింది, ఇప్పుడు ఏ బ్రాండు కొనాలి?

తప్పు బ్రాండుది కాకపోవచ్చు. ఇంటి వాడకానికి చేసిన ఇంపాక్ట్ డ్రిల్లుతో రోజంతా కాంక్రీటు తొలిస్తే ఏ కంపెనీ మోటారైనా చేతులెత్తేస్తుంది.

1. రోజువారీ పనికి ఎస్‌డీఎస్ ప్లస్ (బిట్టును నొక్కగానే లాక్ చేసే పట్టు) ఉన్న రోటరీ హ్యామర్ తీసుకోండి. దెబ్బ లోపలి పిస్టన్ కొడుతుంది, మీరు బలంగా నొక్కనక్కరలేదు.

2. చాలామంది చూడనిది ఇదే: ఒకే పేరుతో రెండు శ్రేణులు ఉంటాయి. బాష్‌లో నీలం రంగువి వృత్తి పనివారికి, ఆకుపచ్చవి ఇంటి పనులకు. ఒకదాని 18 వోల్టుల బ్యాటరీ రెండోదానికి సరిపోదు. పేరు మాత్రమే చూసి కొంటే మళ్లీ ఇదే కథ.

3. కార్బన్ బ్రష్‌లు (మోటారుకు కరెంటు అందించే, అరిగిపోయే చిన్న ముక్కలు), స్విచ్చి విడిగా దొరుకుతాయో లేదో ముందే సర్వీసు కేంద్రంలో అడగండి. దొరకకపోతే ఎంత పెద్ద పేరైనా వద్దు.

మకిటా, డివాల్ట్ కూడా వృత్తి పనికి నిలుస్తాయి. ఎప్పుడో ఒక అల్మారా బిగించడానికైతే అవి దండగ ఖర్చు.