కోయినా రికార్డుల పని మొదలుపెడుతున్న మేనకోడలికి

చిట్టీ,

మహారాష్ట్రలోని కోయినా డ్యామ్ దగ్గర నేల కదలికల రికార్డుల్లో చిన్న చిన్న భూకంపాలను మెషిన్ లెర్నింగ్‌తో పట్టే పనిలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, టెన్షన్ కూడా అంతే.

1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున అక్కడ 6.3 తీవ్రతతో వచ్చినదే అందరికీ గుర్తు. నీకు కావలసినవి మనిషికి తెలియకుండా వచ్చిపోయేవి. తీవ్రత ఒక అంకె తగ్గితే అలాంటివి సుమారు పదింతలు ఉంటాయి. నేల లోపల పగులు ఎటు సాగిందో అవే చుక్కలు పెట్టి చూపిస్తాయి.

రికార్డులో భూకంప తరంగాలు ఎక్కడ మొదలయ్యాయో పట్టే ఫేజ్‌నెట్ అనే ప్రోగ్రామ్ ఉత్తర కాలిఫోర్నియా రికార్డులతో నేర్చుకుంది. కోయినాలో నల్లరాతి పొరలు, వాటి కింద గ్రానైట్. అందుకని అక్కడి రికార్డులతో మళ్లీ నేర్పించు. ఒకే భూకంపం నాలుగు స్టేషన్లలో పడుతుంది. మూడింటితో నేర్పి నాలుగోదానితో పరీక్ష పెట్టావంటే మార్కులు బాగానే వస్తాయి, అవి మాత్రం నమ్మకు; ఆ భూకంపాన్ని అది ముందే చూసేసింది కదా.

ఇక నా భయం. నీ వయసులో ఒక ఊరి చుట్టూ పరికరాలు పెట్టాను. వారంలో ఇరవైకి పైగా సన్నటి కదలికలు కనిపించాయి. ఆ ఉత్సాహంలో నోరు ఆపుకోలేక, మీ కొండ కింద రోజూ భూమి కదులుతోందని ఊళ్లో చెప్పేశాను. డిసెంబర్ చలి. ఆ రాత్రి నుంచి పసిపిల్లలతో సహా అందరూ ఆరుబయటే పడుకున్నారు. నాలుగో రోజు ఒక ముసలమ్మ దుప్పటి కప్పుకుని వచ్చి, "ఏ వేళకు వస్తుంది బాబూ?" అని అడిగింది. జాబితా తీశాను. 7:28, 7:31, 7:30. అంతా గ్రీన్‌విచ్ టైము. ఐదున్నర గంటలు కలిపి, మధ్యాహ్నం ఒంటిగంటకని చెప్పాను. "అయితే అది కొండవతల క్వారీ. కూలోళ్లు అన్నాలకు పోయాక పేలుస్తారుగా" అంది. ఆమె పక్కన నిలబడ్డ మనవడు దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

చదువుకున్నదాన్ని, ఇంత చిన్న విషయం నాకు తెలియదా అనుకోకు. నాకూ తెలుసు, చూడలేదంతే! మిషన్ ఇచ్చిన ప్రతి జాబితానీ ముందు మన గడియారంలోకి మార్చి, గంటలవారీగా గీసి చూడు. ఆ తర్వాతే ఎవరికైనా చెప్పు.

వానాకాలంలో వెళ్తే గొడుగుతో సరిపెట్టుకోకు, రెయిన్‌కోటు కొనుక్కో. నీకు దొరికిన మొదటి చిన్న భూకంపాన్ని ప్రింటు తీసి సంక్రాంతికి పట్టుకురా. భూకంపంలో రెండోదిగా వచ్చే ఎస్ తరంగం ఎక్కడ మొదలైందో నా పెన్సిల్‌తో నేను గుర్తు పెడతాను.

మామయ్య