మిత్తి లెక్క తెలిస్తే కార్పొరేట్ ఫైనాన్స్ అందుతుంది

ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు హన్మకొండలో బీకాం చేస్తున్న మీరు, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో సూత్రాలన్నీ బట్టీ పట్టినా లెక్క కొంచెం మారితే చేతులెత్తేయవలసి వస్తోందని, దీనికి దారేమిటని అడిగారు. నేను పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి అదే డిగ్రీ చదివాను. ఆ పేపరు మొదటిసారి తప్పి, రెండోసారి గట్టెక్కాను.

నేను తప్పింది గణితం రాక కాదు. వర్తమాన విలువ (తరువాత వచ్చే సొమ్ముకు నేటి విలువ) పట్టిక చూడటం వచ్చు గాని, ఆ పట్టిక ఎందుకున్నదో తెలియదు. అది తెలిసింది మా నాన్న పత్తి అమ్మిన రోజున. తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాసిన తరువాత అడ్తిదారు (మార్కెట్లో కమీషన్ వ్యాపారి), పైసలు పదిహేను రోజులకైతే పూర్తిగా ఇస్తానని, ఇప్పుడే కావాలంటే నూటికి రెండు రూపాయలు కోస్తానని అన్నాడు. విత్తనాల దుకాణంలో బాకీ ఉండటంతో నాన్న కోతకు ఒప్పుకున్నాడు. ఇంటికి వచ్చి లెక్క వేస్తే, 98 రూపాయలు 15 రోజులు ముందుగా తీసుకోవడానికి 2 రూపాయలు వదులుకోవడమంటే, చక్రవడ్డీ వేయకుండానే ఏడాదికి దాదాపు 50 శాతం మిత్తి అని తేలింది. ఊళ్లో రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చినా ఏడాదికి 24 శాతమే కదా అంటే, "పదిహేను దినాలకు ఎవడిస్తడు బిడ్డా" అని నాన్న నవ్వాడు. పాఠ్యపుస్తకంలో పది రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు, లేకుంటే ముప్పై రోజులకు పూర్తి సొమ్ము అనే లెక్క ఉంటుంది. దాని జవాబు 37 శాతం చిల్లర. రెండూ ఒకటే లెక్క.

అందుకని ఏ లెక్కకైనా ముందు ఒక గీత గీసి, ఏ ఏడాది ఎంత నగదు వస్తుందో, ఎంత పోతుందో దాని మీద గుర్తు పెట్టుకోండి. లక్ష రూపాయల యంత్రం మూడేళ్లపాటు ఏటా 40,000 తెస్తుందనుకుందాం. రెండున్నరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది, పైన 20,000 మిగులుతుంది. చూడటానికి మంచి బేరమే. కానీ 10 శాతం రేటుతో నేటి విలువకు తెస్తే ఆ మూడు రాబడులు కలిపి సుమారు 99,480 మాత్రమే, అంటే నికర వర్తమాన విలువ 520 రూపాయల మేర రుణాత్మకం. ఈ ఒక్క లెక్కను రేటు మార్చి మార్చి నాలుగైదు సార్లు చేస్తే, అంతర్గత రాబడి రేటు (నికర వర్తమాన విలువ సున్నా అయ్యే రేటు) 9.7 శాతం దగ్గర ఎందుకు పడుతుందో మీకే కనిపిస్తుంది.

నా మార్కులు పోయిన చోటు మరొకటి ఉంది. నగదు రాబడిలోంచి అప్పు మీద వడ్డీని తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ మూలధన వ్యయం (సంస్థ తెచ్చుకున్న సొమ్ముకు ఏటా పడే ఖర్చు) రేటుతో నేటి విలువకు తెచ్చాను. వడ్డీ ఆ రేటులోనే ఉంటుంది కాబట్టి రెండుసార్లు లెక్కించినట్టయింది. తరుగుదల (యంత్రం వాడకంలో తగ్గే విలువను ఏటా ఖర్చుగా రాయడం) సంగతి వేరు: అది నగదు కాదు, కానీ పన్ను తగ్గిస్తుంది గనుక పన్ను లెక్కించేదాకా ఖర్చుగానే ఉంచి, తరువాత తిరిగి కలపాలి.

మూలధన నిర్మాణం పాఠంలో ఆర్థికవేత్తలు మోదిగ్లియానీ, మిల్లర్‌ల 1958 నాటి వాదాన్ని చాలామంది ఒక పేరాగా బట్టీ పడతారు. పన్నులు లేని లోకంలో అప్పు, వాటాల నిష్పత్తి సంస్థ విలువను మార్చదని వారన్నారు. 1963లో పన్నును చేర్చి సవరించుకున్నారు. వడ్డీ మేరకు పన్ను తగ్గుతుంది గనుక, పన్ను రేటు 25 శాతమైతే 10 శాతం వడ్డీ నికరంగా 7.5 శాతమే పడుతుందని గ్రహిస్తే ఆ సవరణ అర్థమవుతుంది. ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. రామగుండంలో 2,600 మెగావాట్ల కేంద్రమున్న ఎన్‌టీపీసీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. అందులో అప్పు, వాటా మూలధనం పక్కపక్కన రాసుకుని చూడండి. రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి షేర్లు మాత్రం స్టాక్ మార్కెట్లో లేవు కాబట్టి, దాని బీటాను (మార్కెట్ కదలికలకు షేరు ఎంత ఊగుతుందో చెప్పే కొలతను) షేరు ధరల నుంచి నేరుగా లెక్కకట్టలేం.

పరీక్షలో ఆ గీతను జవాబు పత్రం మీదే గీయండి. చివరి అంకె తప్పినా, మెట్లకు మార్కులు వేసేవారికి మీ దారి కనిపిస్తుంది. రెండోసారి నేను గట్టెక్కింది అలాగే.