కరక్కాయ సారం క్రీములోకీ, మేకతోలులోకీ: హెచ్‌పీఎల్‌సీతో ఏం తెలుస్తుంది?

వైజాగ్‌లో అనలిటికల్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో ఉన్నానని రాశారు. కరక్కాయ సారంతో ఒకపక్క ముఖానికి రాసే క్రీము, ఇంకోపక్క మేకతోలు ట్యానింగ్ (పచ్చి చర్మాన్ని శుద్ధి చేసి తోలుగా మార్చడం) చేసి, రెండింటినీ హెచ్‌పీఎల్‌సీతో (ద్రవాన్ని ఇంజెక్ట్ చేసి, కాలమ్ అనే గొట్టం గుండా పంపి, అందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రంతో) పరీక్షించమని మీ గైడ్ చెప్పారట. రెండింటికీ ఒకే పద్ధతి సరిపోతుందా, ఈ టైమ్‌లో అసలు జరిగే పనేనా అని మీ టెన్షన్.

జరిగే పనే. మంచి టాపిక్ కూడా. పద్ధతి ఒకటే సరిపోతుంది. కాకపోతే ఒకే క్రోమాటోగ్రామ్‌ని (ఏ పదార్థం ఎన్నో నిమిషంలో వచ్చిందో ఎడమ నుంచి కుడికి పీకులుగా, అంటే శిఖరాలుగా చూపే గీతని) క్రీము కోసం ఒక చివర నుంచి, తోలు కోసం ఇంకో చివర నుంచి చదవాలి. ఈ సంగతి మొదట్లోనే పట్టుకుంటే ప్రాజెక్టు మీ చేతిలో ఉన్నట్టే.

నేను పరవాడ ఫార్మా సిటీలో కొన్నేళ్లు క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) చేశాను. అక్కడ మాత్రలో ఉండేది ఒక మందు, దాని పీక్ ఎన్నో నిమిషంలో రావాలో ముందే రాసి ఉంటుంది. తర్వాత మొక్కల సారాల మీద పనిచేసే ల్యాబ్‌కి మారాను. కరక్కాయ సారం ఇంజెక్ట్ చేస్తే పీకులు ఒకదాని వెనక ఒకటి లేస్తూనే ఉంటాయి. అన్నిటినీ గుర్తుపట్టాలని కూర్చుంటే మీ సెమిస్టర్ అయిపోతుంది. మీకు కావలసినవి నాలుగే: గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం, చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం.

ఎండిన కరక్కాయ కండలో టానిన్లు (చర్మాన్ని తోలుగా మార్చే వగరు పదార్థాలు) 30 శాతం అటూఇటూ ఉంటాయి. గింజలో పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి గింజ తీసేసి పెచ్చు మాత్రమే దంచాలి. ఆ టానిన్లలో చెబులాజిక్, చెబులినిక్ పెద్ద అణువులు, వాటి అణుభారం 950 దాటుతుంది. నీరు, వేడి, ఎంజైములు తగిలితే అవి విరుగుతాయి. విరిగితే వచ్చే వాటిలో గాలిక్ అణుభారం 170, ఎల్లాజిక్‌ది 302. సి18 కాలమ్ మీద గాలిక్ మొదట్లోనే వచ్చేస్తుంది. చెబులాజిక్, దాని వెనక చెబులినిక్ బాగా ఆలస్యంగా వస్తాయి.

మేకతోలైనా మన చర్మమైనా లోపలి పొరలో ప్రధానంగా ఉండేది కొల్లాజెనే. ట్యానింగ్‌లో పెద్ద టానిన్ అణువు కొల్లాజెన్ పోగుల్ని ఒకేసారి చాలాచోట్ల పట్టుకుంటుంది. పచ్చి చర్మాన్ని నీళ్లలో వేడిచేస్తూ పోతే 60–65 డిగ్రీల దగ్గర ముడుచుకుపోతుంది. మొక్కల టానిన్‌తో శుద్ధి చేశాక ఆ ఉష్ణోగ్రత 75–85కి వెళ్తుంది. గాలిక్ ఆమ్లం వల్ల ఆ పని కాదు. అది మరీ చిన్నది, పక్కపక్క పోగుల్ని కలిపి పట్టుకోలేదు. కాబట్టి తోలు కోసం చూసేటప్పుడు మీ కళ్లు క్రోమాటోగ్రామ్ కుడివైపున ఉండాలి.

క్రీముకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. బతికున్న చర్మం పైపొరను దాటి 500 డాల్టన్లకు (అంటే అణుభారం 500కి) మించిన అణువులు లోపలికి వెళ్లడం చాలా కష్టం. చెబులినిక్ పైనే ఉండిపోయి చర్మం బిగిసినట్టు అనిపించేలా చేస్తుంది, అంతకుమించి కిందికి దిగదు. కొంతైనా లోపలికి వెళ్లే అవకాశం ఉన్నవి గాలిక్, ఎల్లాజిక్. పైగా మెలనిన్ తయారీలో పనిచేసే టైరోసినేజ్ ఎంజైమును ఎల్లాజిక్ అడ్డుకుంటుంది. అంటే ట్యానరీవాళ్లు పాడైపోయిందని పక్కన పెట్టే సారమే క్రీముకి అక్కరకు రావచ్చు. మీ థీసిస్‌కి వెన్నెముక ఇదే అని నా అభిప్రాయం.

మా ల్యాబ్‌లో ఎదురైన ఒక విషయం చెబుతాను. ఒక సప్లయర్ దగ్గర నుంచి సారం పొడి రెండు బ్యాచులుగా వచ్చింది. ఫోలిన్ పరీక్షలో (ఫినాళ్లు, అంటే టానిన్లూ గాలిక్ లాంటివీ అన్నీ కలిపి ఎంతో చెప్పే పరీక్షలో) రెండింటికీ దాదాపు ఒకే విలువ. మొదటి బ్యాచుతో శుద్ధి చేసిన మేకతోలు ముక్క లేత పసుపు రంగులో మెత్తగా వచ్చింది. బ్లేడుతో అంచు కోసి చూస్తే రంగు లోపలిదాకా దిగింది. రెండో బ్యాచుతో చేసిన ముక్కని కోస్తే పైనా కిందా రంగు పట్టి, మధ్యలో తెల్లటి గీత అలాగే ఉంది. ఆరాక అట్టలా గట్టిపడింది. రెండు సారాలనీ హెచ్‌పీఎల్‌సీలో వేస్తే తేడా వెంటనే బయటపడింది. రెండోదాంట్లో గాలిక్ పీక్ స్కేలు దాటిపోయింది, చెబులినిక్ ఉండాల్సిన చోట చిన్న గుట్ట మిగిలింది. ఫోలిన్ రసాయనం పెద్ద ఫినాలా చిన్న ఫినాలా అని చూడదు, అన్నిటినీ కలిపి లెక్కేస్తుంది. అందుకే ఫోలిన్ విలువ ఒక్కటీ చూసి సారం మంచిదని రాసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. దాన్ని నమ్ముకుని తోలు పాడుచేసుకునేది వేరేవాళ్లు.

అలా ఎందుకు విరిగిందంటే, తడి తగిలి బూజు పట్టడం పెద్ద కారణం. ఆస్పర్జిల్లస్ జాతి బూజుల్లో టానేజ్ అనే ఎంజైము ఉంటుంది. టానిన్‌ని గాలిక్ ఆమ్లంగా విరగ్గొట్టడమే దాని పని. మన సముద్రపు గాలిలో తేమ ఎంతుంటుందో మీకు తెలుసు. డబ్బా మూత రెండు మూడుసార్లు తీసేసరికి సారం పొడి ముద్దకడుతుంది. తేమ తగలనివ్వని డెసికేటర్‌లో పెట్టండి. తూకం వేసిన రోజే తేమ శాతం కూడా చూసి, పొడి బరువు మీద లెక్కకట్టండి. లేకపోతే మే నెల ఫలితానికీ ఆగస్టు ఫలితానికీ పొంతన ఉండదు.

సారం మీరే తీసుకుంటే ఇంకా మంచిది. పాడేరు వైపు సంతల్లో కరక్కాయ దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, గిరిజనుల దగ్గర కరక్కాయ కూడా కొంటుంది, దాని ప్రధాన కార్యాలయం వైజాగ్‌లోనే ఉంది. తోళ్ల వ్యాపారంలో కరక్కాయలకి పాతరోజుల నుంచీ ఊళ్ల పేర్లతో గ్రేడ్లు ఉండేవి, జబ్బల్‌పూర్ సరుకు, వెంగుర్ల సరుకు అని. అందులో ‘బిమ్లీ’ అనే గ్రేడు మన భీమిలి పేరు మీద వచ్చిందే. మీ థీసిస్ ముందుమాటలో ఈ సంగతి తప్పకుండా రాయండి, ఇది మన తీరం సరుకు. కాయల్ని వాడేముందు బాటనీ డిపార్ట్‌మెంట్‌లో చూపించి గుర్తింపు రాయించుకోండి. సంతలో తానికాయ కలిసిపోవడం మామూలే.

ఒకే కాయల పొడిని రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని మామూలు గది వేడిలో 70 శాతం అసిటోన్‌లో, ఇంకోదాన్ని నీళ్లలో బాగా మరిగించి తీయండి. మరిగించినదాంట్లో పెద్ద పీకులు తగ్గి చిన్నవి పెరగడం మీ కళ్లతో చూస్తారు. ఏ సారం తోలుకి, ఏ సారం క్రీముకి అన్నది అక్కడే తేలుతుంది. వేరే ప్రయోగం ఏదీ చేయలేకపోయినా ఇది మాత్రం చేయండి.

పద్ధతికి పెద్ద హంగులు అక్కర్లేదు. 250 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వ్యాసం, 5 మైక్రాన్ల సి18 కాలమ్. దాని గుండా పంపే ద్రావకాలు రెండు: ఒకవైపు 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం కలిపిన నీళ్లు, ఇంకోవైపు అసిటోనైట్రైల్. 5 శాతం అసిటోనైట్రైల్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వెళ్లండి, ఫ్లో నిమిషానికి 1 మి.లీ. ఆమ్లం లేకపోతే ఫినాళ్ల పీకులు తోకలు సాగుతాయి. కాలమ్ ఓవెన్ 30 డిగ్రీల దగ్గర పెట్టండి. ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం రిటెన్షన్ టైమ్ (పీక్ వచ్చే నిమిషం) జరిగిపోతే తలనొప్పి. పీడీఏ డిటెక్టర్ (పీక్ యూవీ స్పెక్ట్రం కూడా చూపేది) ఉంటే 280 నానోమీటర్ల దగ్గరా, ఎల్లాజిక్ కోసం 254 దగ్గరా చూడండి. టైమ్ కలిసినంత మాత్రాన పీక్ అదేనని రాయకండి, యూవీ స్పెక్ట్రం కూడా స్టాండర్డ్‌తో (పోల్చడానికి కొనే శుద్ధ పదార్థంతో) కలవాలి.

ఎల్లాజిక్ స్టాండర్డ్ నీళ్లలో కరగదు, మిథనాల్‌లో కూడా అంతంతమాత్రం. ముందు కొంచెం డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి, ఆ తర్వాత మిథనాల్‌తో పలచన చేయండి. ఈ కరగని గుణం తోలు మీద కూడా కనిపిస్తుంది. కరక్కాయతో శుద్ధి చేసిన తోలు ఆరాక పైన లేత పసుపు పొడి తేలుతుంది, ట్యానరీల్లో దాన్ని బ్లూమ్ అంటారు. ఆ పొడిని స్పాచ్యులాతో గీకి, కరిగించి ఇంజెక్ట్ చేశాను. ఎల్లాజిక్ వచ్చే నిమిషానికే ఒక్క పీక్ నిటారుగా లేచింది, స్పెక్ట్రం కూడా అచ్చు అదే. మీరూ చేసి చూడండి. ఎగ్జామినర్ ముందు పెట్టడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు.

ఇక శాంపిల్ సంగతి. అసలు కష్టం ఇక్కడే.

క్రీముని మిథనాల్‌లో వేసి సోనికేటర్‌లో పెడితే పైకి కరిగినట్టే ఉంటుంది, కానీ కొవ్వూ మైనమూ అందులోనే ఉంటాయి. అలాగే ఇంజెక్ట్ చేస్తే అవి కాలమ్ నోట్లో పేరుకుని ప్రెషర్ పెరుగుతుంది. గోరువెచ్చగా సోనికేట్ చేసి, ఫ్రిజ్‌లో పెట్టి కొవ్వు గడ్డకట్టాక చల్లగా ఉండగానే సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రవాన్ని తీసుకోండి. సారం కలపని ఉత్త క్రీము బేస్‌కి తెలిసిన మోతాదులో గాలిక్, ఎల్లాజిక్ కలిపి, ఎంత తిరిగి వస్తుందో రికవరీ చూడండి. అది చూపించకుండా క్రీములో ఇంత ఉందని రాస్తే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

తోలు వైపు, డ్రమ్ములోని ట్యానింగ్ ద్రవాన్ని మొదట్లో ఒకసారి, మధ్యమధ్య, చివర్లో ఒకసారి తీసి ఇంజెక్ట్ చేయండి. చెబులినిక్ పీక్ తగ్గుతూ, గాలిక్ పీక్ దాదాపు అలాగే ఉండిపోతే తోలు ఏది పట్టుకుంటోందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఆ తోలుని నీళ్లతో కడిగి, కడుగునీళ్లు కూడా ఇంజెక్ట్ చేస్తే పట్టుకోకుండా ఊరికే ఇరుక్కున్నది ఎంతో తెలుస్తుంది. ఫిల్టర్ విషయంలో జాగ్రత్త. నైలాన్ ఫిల్టర్ టానిన్లని పీల్చేసుకుంటుంది. పీవీడీఎఫ్‌గానీ, నీళ్లకి సరిపడే పీటీఎఫ్‌ఈగానీ వాడి, మొదట వచ్చిన మి.లీ. పారబోసి తర్వాతది వయల్‌లోకి తీసుకోండి.

గైడ్ పోలికకి తంగేడు పట్టగానీ తుమ్మ పట్టగానీ చేర్చమంటే మాత్రం హెచ్‌పీఎల్‌సీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. వాటిలో ఉండేవి ప్రధానంగా కండెన్స్‌డ్ టానిన్లు, గొలుసుకట్టు అణువులు. పీకులు విడివిడిగా రావు, బేస్‌లైన్ మీద పెద్ద మూపురంలా వస్తుంది. దాన్ని ఇంటిగ్రేట్ చేసి అంకె రాయడం అర్థం లేని పని. వాటికి మొత్తం టానిన్ ఎంతో చెప్పే హైడ్ పౌడర్ పద్ధతి ఉంది, అదే వాడండి.

క్రోమ్ తోలుతో (క్రోమియం లవణాలతో ట్యానింగ్ చేసిన తోలుతో) పోల్చాలనుకుంటున్నానని కూడా రాశారు. మొత్తం క్రోమియం ఎంతో తెలియడానికి హెచ్‌పీఎల్‌సీ అక్కర్లేదు, లోహాల్ని కొలిచే ఏఏఎస్ గానీ ఐసీపీ గానీ కావాలి. ప్రమాదకరమైన ఆరో వేలెన్సీ క్రోమియానికి వేరే పద్ధతి ఉంది. పీహెచ్ 8 దగ్గర ఫాస్ఫేట్ బఫర్‌లో, గాలి తగలకుండా తీసి, డైఫినైల్‌కార్బజైడ్ కలిపి 540 నానోమీటర్ల దగ్గర రంగు చూస్తారు. రంగు వేసిన తోలైతే ఆ రంగు అడ్డొస్తుంది కాబట్టి అయాన్ క్రోమాటోగ్రఫీతో విడదీస్తారు. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో ఇది కిలోకి 3 మి.గ్రా. దాటకూడదని 2015 మే నుంచి యూరప్‌లో నిబంధన ఉంది. మంచి విషయమే, కానీ అది ఇంకో ప్రాజెక్టు. మీ గైడ్‌తో మాట్లాడి దీన్ని వదిలేయండి. ఆ టైమ్‌ని ఫ్రాంజ్ సెల్‌కి (పొర దాటి ఏది కిందికి దిగుతుందో చూసే పరికరానికి) ఇవ్వండి. క్రీము పైన రాసి, పొర కిందున్న ద్రవాన్ని గంటగంటకీ తీసి ఇంజెక్ట్ చేస్తే గాలిక్ దిగుతోందా, చెబులినిక్ పైనే ఆగిందా అన్నది చెప్పొచ్చు. యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ వైపు అడిగి చూడండి, ఫ్రాంజ్ సెల్ లాంటివి ఉంటే వాళ్ల దగ్గరే ఉండాలి.

పచ్చి చర్మం దొరకడం, డ్రమ్ములో తిప్పడం ఇక్కడ కష్టమైతే చెన్నై అడయార్‌లోని సీఎల్‌ఆర్‌ఐకి (కేంద్ర తోలు పరిశోధన సంస్థకి) గైడ్ చేత ఉత్తరం రాయించండి. చర్మం ఇక్కడి నుంచి పట్టుకెళ్లాలంటే ఉప్పు బాగా పట్టించి తీసుకెళ్లాలి.

అన్నిటికంటే ముందు స్టాండర్డ్‌లు ఆర్డర్ పెట్టించండి. గాలిక్, ఎల్లాజిక్ తక్కువ ధరకే దొరుకుతాయి. చెబులాజిక్, చెబులినిక్ బాగా ఖరీదు, రావడానికి కూడా వారాలు పడుతుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతే చెబులినిక్ తీసుకోండి.