బల్లి గుడ్ల పెట్టెకు ఏ కంట్రోలర్ కొనాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. టెక్సాస్ వచ్చి ఏడాది కాలేదు. మా అబ్బాయి పెంచుతున్న లెపర్డ్ గెకో అనే బల్లుల జంట రెండు గుడ్లు పెట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న కోడిగుడ్ల ఇంక్యుబేటర్ కిట్టు ఒకటి ఉంది. దాన్ని థర్మాకోల్ పెట్టెకు బిగిస్తే సరిపోతుందా?

జవాబు: ఆ కిట్టు వాడకండి. మన దగ్గర హీటర్లు 230 వోల్టులకు చేస్తారు, ఇక్కడ గోడ ప్లగ్గులో వచ్చేది 120. ఆ హీటరు ఇక్కడ పావువంతు వేడే ఇస్తుంది. వేడిని చూసి హీటరును ఆపి, వెలిగించే కంట్రోలరైతే అసలు వెలగకపోవచ్చు. కోడిగుడ్డుకు 37.5 డిగ్రీల సెల్సియస్ కావాలి, రోజూ తిప్పుతుండాలి. గెకో గుడ్డుకు అంత వేడి తగిలినా చావే, తిప్పినా చావే. పెట్టిన గుడ్డుకు పైవైపు పెన్సిలుతో చిన్న గీత గీసి, పిల్ల వచ్చేదాకా ఆ గీత పైకే ఉండేలా చూడండి. వారం పోయాక చీకట్లో టార్చి ఆనించి చూస్తే ఎర్రటి నరాలు కనిపించాలి.

ముందు ఎంత వేడి కావాలో తేల్చుకోండి. లెపర్డ్ గెకోలో పిల్ల ఆడో మగో తేల్చేది మొదటి కొన్ని వారాల వేడే. 27 దగ్గర ఎక్కువగా ఆడవి, 32 దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి. 27 దగ్గర సుమారు రెండు నెలలు, 32 దగ్గర నెలన్నర పడుతుంది. ఇక్కడి కంట్రోలర్లు ఫారన్‌హీట్‌లో చూపిస్తాయి కాబట్టి 27 అంటే 80.6, 32 అంటే 89.6 అని పెట్టె మీదే రాసి అంటించండి. కార్న్ స్నేక్‌కు 28 చాలు. క్రెస్టెడ్ గెకో గుడ్లకైతే 22-24 కావాలి, అంటే ఏసీ గదిలో అల్మారా చాలు, హీటరే అక్కర్లేదు.

కంట్రోలర్ కంటే ముందు హీటరు వాట్లు చూడండి. 30-40 లీటర్ల థర్మాకోల్ పెట్టెకు 15 వాట్ల హీట్ మ్యాట్ చాలు. 100 వాట్ల బల్బు పెడితే ఎంత ఖరీదైన కంట్రోలరైనా దాన్ని ఆపేలోపు వేడి హద్దు దాటేస్తుంది. గుడ్లు పెట్టకముందే ఖాళీ పెట్టెలో కంట్రోలర్ లేకుండా హీటరును ఓ పూట వెలిగించి చూడండి. లోపల 40 దాటితే ఇంకా చిన్నది కొనండి.

ఇక కంట్రోలర్లు. ఆన్-ఆఫ్ రకం చవక, హీటరు ఆగే వేడికీ మళ్ళీ వెలిగే వేడికీ తేడాను 0.5 డిగ్రీకి పెట్టుకోగలిగితే గెకోకు చాలు. పెట్టె అడుగున నాలుగైదు నీళ్ళ సీసాలు పెడితే ఆ ఊగిసలాట గుడ్డు దాకా రాదు. హీటరుకు పోయే కరెంటును కొంచెంకొంచెంగా తగ్గించే ప్రపోర్షనల్ రకం మెరుగు, చాలా గుడ్లు ఉన్నప్పుడు డబ్బు దానికి పెట్టండి. వేడి మారే తీరును లెక్కగట్టి కరెంటును సర్దే పీఐడీ కంట్రోలర్ కొంటే, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్ ఎస్ఎస్ఆర్‌తో వాడండి. కాంటాక్టులు కదిలే మామూలు రిలే స్విచ్ గంటకు వందలసార్లు కొట్టుకుని త్వరగా అరిగిపోతుంది. తీగలు బయటికి కనిపించే సర్క్యూట్ బోర్డులను మాత్రం అద్దె అపార్ట్‌మెంటులో వాడొద్దు. ప్లగ్గుతో వచ్చే, భద్రతా పరీక్ష దాటిందని చెప్పే యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు ఉన్నదే కొనండి.

దశాంశాల కంటే కంట్రోలర్ చెడినప్పుడు ఏమవుతుందన్నదే నాకు ముఖ్యం. రిలే కాంటాక్టులు కాలి అతుక్కుపోతే హీటరు ఆగదు. ఎస్ఎస్ఆర్ కూడా చెడితే ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. వేడిని కొలిచే తీగ కొస (ప్రోబ్) జారి పెట్టె బయటపడితే గది చల్లదనం చూసి హీటరును ఆపకుండా వెలిగిస్తుంది. గుడ్లు ఎక్కువగా పోయేది ఇలాగే. కాసేపు చల్లబడితే పిల్ల రావడం ఆలస్యమవుతుందంతే, వేడెక్కితే మాత్రం పిల్ల దక్కదు. అందుకే రెండో ఆన్-ఆఫ్ కంట్రోలర్ తప్పకుండా కొనండి. గోడ ప్లగ్గుకు ముందుగా దాన్ని తగిలించి, దాని నుంచి అసలు కంట్రోలర్‌కు కరెంటు ఇవ్వండి. రెండింటికీ వేర్వేరు ప్రోబులు ఉండాలి. రెండోదాన్ని 2 డిగ్రీలు ఎక్కువకు పెట్టండి. ప్రోబును గుడ్ల డబ్బా పక్కన, అదే ఎత్తులో, మ్యాటుకు తగలకుండా జిప్ టైతో కట్టేయండి.

ప్రోబు నిజం చెబుతుందా అని చూడాలంటే గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో జ్వరం థర్మామీటరుతో పాటు ముంచండి. తేడా ఉంటే కంట్రోలర్‌లో సరిదిద్దే సెట్టింగు ఉంటుంది. తర్వాత మూడు రోజులు ఖాళీ పెట్టెను నడిపి, రాత్రి ఏసీ మారినప్పుడు ఎంత ఊగుతోందో చూడండి. గ్యారేజీలో పెట్టకండి, వేసవిలో గదే 35 దాటితే ఏ హీటర్ కంట్రోలరూ చల్లబరచదు.

గుడ్ల డబ్బాలో, తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులైన వర్మిక్యులైట్‌కు సమాన బరువు నీళ్ళు కలిపి, పిడికిట్లో పిండితే చుక్క కారనంత తేమ ఉంచండి.

ఒక మాట. సెలవులకు ఊరెళ్ళినప్పుడు సిక్కోలు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లు కనిపిస్తే అబ్బాయికి ఈ పెట్టె గుర్తొస్తుంది. వాటిని తాకనివ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అటవీ శాఖ వాళ్ళకు చెబితే చాలు, వాళ్ళే ఇసుకలోని హేచరీకి మారుస్తారు.