ముద్ద చేతికొచ్చాక ఆలస్యం చెయ్యకు

ఒరే చంటీ,

పెళ్లిరోజుకి స్వాతీ నేనూ డౌన్‌టౌన్‌లో సుషీకి వెళ్తున్నామని నిన్న ఫోన్లో గొప్పగా చెప్పి, వెంటనే గొంతు తగ్గించి "అక్కడెలా తినాలో తెలీదు మావయ్యా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. నాకు నవ్వొచ్చింది. రాజమండ్రిలో పుట్టి, అన్నమూ చేపా తినడానికి టెన్షన్ పడేవాణ్ని నిన్నే చూశాను. అంతలో మీ అత్తయ్య ఫోను లాగేసుకుంది కాబట్టి నేను చెప్పాలనుకున్నది ఇలా రాస్తున్నాను.

నేనీ సియాటెల్ వచ్చి ఇరవయ్యారేళ్లు. మొదటి మూడేళ్లు పచ్చి చేప మాటెత్తితేనే ఆమడ దూరం పోయేవాణ్ని. తర్వాత తిన్నది తక్కువేం కాదు, తిని నవ్వులపాలైందీ తక్కువ కాదు.

ముందు ఆ భయం వదిలించుకో. చెక్క కౌంటరు, గుసగుసగా మాట్లాడే మనుషులు, తలకి 100 డాలర్లు దాటే మెనూ చూసి ఇదేదో జమీందారుల భోజనం అనుకుంటాం. పుట్టుకలో ఇది బండి మీది తిండిరా. టోక్యోని ఇంకా "ఎదో" అనే పాత పేరుతో పిలిచే రోజుల్లో, 1820ల ప్రాంతంలో, పనుల మీద పరిగెత్తేవాళ్లు వీధిలో నిలబడి చేత్తో నోట్లో వేసుకుని పోయేవాళ్లు. ఆ పద్ధతికి హనయా యోహెయ్ అనే ఆయన పేరు చెబుతారు. అంతకు చాలా ముందు సుషీ అంటే ఉప్పు పట్టించిన చేపని అన్నంలో నెలల తరబడి ఊరబెట్టడం. పులిసిన అన్నం పారేసి చేప మాత్రం తినేవాళ్లు. ఒక రకంగా వాళ్ల ఊరగాయ. ఆ పులుపు కోసం నెలలు ఆగే ఓపిక లేక, అన్నంలో వెనిగర్ కలిపి, పైన చేపముక్క పెట్టి అక్కడికక్కడే చేతిలో పెట్టడం మొదలెట్టారు. దీన్నే నిగిరి అంటారు, అంటే పిడికిట్లో నొక్కి చేసినది. మన మాటల్లో ముద్ద.

అందుకే టేబుల్ బుక్ చెయ్యకు, కౌంటర్ అడుగు. బుకింగ్‌లో రెండూ వేరువేరుగా ఉంటాయి. ఇద్దరే కాబట్టి దొరుకుతుంది. టేబుల్ దగ్గరికి పళ్లెం వచ్చేసరికి అన్నం చల్లారుతుంది, సముద్రపు నాచు మెత్తబడుతుంది. కౌంటర్ దగ్గరైతే చేసే చేతికీ నీ చేతికీ మధ్య జానెడు దూరం.

ఈ జానెడు దూరం విలువ నాకు ఒక ముసలి షెఫ్ నేర్పాడు. ఇరవయ్యేళ్ల కిందటి మాట. ఆఫీసు స్నేహితుడితో కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఆయన తెమాకి చుట్టి నా చేతికిచ్చాడు. అంటే నాచుని పొట్లంలా చుట్టి లోపల అన్నం, చేప పెట్టినదన్నమాట, అచ్చం మన మరమరాల పొట్లంలా ఉంటుంది. నేను దాన్ని పళ్లెంలో పెట్టి గ్రీన్‌కార్డు గోల చెప్పుకుంటూ కూర్చున్నాను. రెండు మూడు నిమిషాలయ్యుంటుంది. ఎదుటినుంచి ఒక చెయ్యి వచ్చి పొట్లం తీసుకుని అవతల పడేసింది. ఆయన కోపంగా లేడు, నవ్వనూ లేదు. కొత్త నాచు తీసి, సెగ మీద అటూ ఇటూ తిప్పి, మళ్లీ చుట్టి నా చేతిలోనే పెట్టి, నేను కొరికేదాకా అలాగే నిలబడ్డాడు. కొరికితే కరకరమని చప్పుడు, అప్పుడే నూనెలోంచి తీసిన అప్పడంలా. ఆ చప్పుడు విన్నాకే ఆయన పక్కకి తిరిగాడు. మా అమ్మమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని, నేను మొదటి ముద్ద మింగేదాకా కదిలేది కాదు. అదే గుర్తొచ్చింది. ముద్ద చేతికొచ్చాక ఆలస్యం చెయ్యకు. ఫొటో తీసుకో, కానీ ఒకటి చాలు.

ఇక అన్నం సంగతి. అందరూ చేప చేప అంటారు గానీ, మంచి షాపుని అన్నంతోనే పట్టేయొచ్చు. వీలైతే కాస్త ముందుగా వెళ్లి వాళ్లు అన్నం కలపడం చూడు. పొట్టి బియ్యం వండి, వెడల్పాటి చెక్క తొట్టిలో వేడివేడిగా బోర్లిస్తారు. వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, చెక్క గరిటెని కత్తిలా దింపుతూ మెతుకు చితక్కుండా కలుపుతారు, పైనుంచి విసురుతూ. మీ అమ్మ పులిహోరకి అన్నం తాంబాళంలో ఆరబోసి ఏం చేస్తుందో అదే. అన్నం ఒంటి వెచ్చదనంలో ఉండాలి, నోట్లో పెట్టగానే మెతుకులు వేటికవి విడిపోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, గట్టిగా ఉందంటే ఆ షాపుకి రెండోసారి వెళ్లొద్దు, చేప ఎంత బాగున్నా సరే.

ఈ అన్నాన్ని సోయాసాస్‌లో ముంచకు. అన్నం సాస్ పీల్చుకుని గిన్నెలోనే విచ్చిపోతుంది, ఉప్పదనం తప్ప ఇంకేం తెలీదు. ముక్కని పక్కకి తిప్పి, చేప అంచు మాత్రం అలా తాకించాలి. చాలాసార్లు షెఫే సాస్ రాసి ఇస్తాడు, అప్పుడు అదీ అక్కర్లేదు. మన ప్రాణం పప్పూ పులుసూ కలుపుకోవడానికి అలవాటుపడింది కదా, చెయ్యి ఊరుకోదు. ఊరుకోబెట్టు.

వసాబి గురించి నిన్ను హెచ్చరించాల్సిన పని లేదనుకుంటా. ఆవకాయ కలిపిన రోజు ఆవపిండి ఘాటు ముక్కుల్లోంచి నషాళానికి అంటుతుందే, ఇదీ అదే ఘాటు. అది కూడా ఆవాల కుటుంబపు మొక్కే. ఇక్కడ చాలాచోట్ల పెట్టేది అసలు వసాబి కాదు, హార్స్‌రాడిష్ అనే దుంప పొడికి ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపినది. మిరప కారంలా నాలుక మీద నిలవదు, ముక్కులోకి కొట్టి పోతుంది. నిగిరిలో అన్నానికీ చేపకీ మధ్య షెఫ్ ముందే రాసి ఉంచుతాడు, పైన ఇంకా వేసుకోకు. అల్లం ముక్కలు నిగిరి మీద పెట్టుకోవడానికి కాదు, ఒక చేపకీ ఇంకో చేపకీ మధ్య నాలుక శుభ్రం కావడానికి.

చేత్తో తినొచ్చా అని అడిగావు. నిక్షేపంగా. ముందే తడి తువ్వాలు ఇస్తారు, దాంతో చేతులు తుడుచుకుని నిగిరిని వేళ్లతో పట్టుకుని ఒక్కసారిగా నోట్లో పెట్టుకో. చాప్‌స్టిక్స్‌తో కుస్తీపట్టే పని మనకెందుకు? పట్టుకోవాల్సి వస్తే మాత్రం రెండు పనులు చెయ్యకు. అన్నంలో నిలువునా గుచ్చకు, వాళ్లు చనిపోయినవాళ్ల ముందు అన్నం అలా పెడతారు. నీ పుల్లలతో స్వాతి పుల్లలకి ముక్క అందించకు, దహనం తర్వాత అస్థికలు ఏరేటప్పుడు ఇద్దరు మనుషులు అలా పట్టుకుంటారు. పెళ్లిరోజు నాడు ఆ పని ఎదురుగా చూస్తే షెఫ్‌కే గుండె కలుక్కుమంటుంది.

ఏ చేప తినాలంటావా, తెల్ల చేపలతో మొదలెట్టు. తర్వాత సాల్మన్, ట్యూనా, చివర్లో కొవ్వెక్కువ ఉండేవి, సాస్ పూసినవి. మనం పప్పుతో మొదలెట్టి పెరుగుతో ముగించినట్టు వాళ్లకీ ఒక వరస ఉంది. ఏదీ తెలియకపోతే "ఒమకాసే" అను, మీ ఇష్టానికి వదిలేశాను అని అర్థం. అన్నంలో పీత, అవకాడో పెట్టి చుట్టే కాలిఫోర్నియా రోల్ మాత్రం జపాన్ నుంచి దిగలేదు, ఇటువైపు తీరంలోనే పుట్టింది. లాస్ ఏంజెలెస్‌వాళ్లూ వాంకూవర్‌వాళ్లూ మాదంటే మాదని కొట్టుకుంటారు. తిను, తప్పేం లేదు, కాకపోతే దానికోసం ఇంత దూరం వెళ్లక్కర్లేదు.

సాల్మన్ దగ్గర ఒక్క నిమిషం ఆగు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా మనవాళ్లు. పులస సముద్రంలోంచి వరద గోదారికి ఎదురీదినట్టే, ఇక్కడ సాల్మన్ కూడా సముద్రం వదిలి నదులకి ఎదురీదుతుంది. ఎదురీదే చేప కోసం మనుషులు పిచ్చెక్కిపోవడం రెండుచోట్లా ఒకటే. తేడా వంటలో. మీ అమ్మ పులస పులుసు రాత్రంతా మట్టిదాకలో ఉంటేనే తెల్లారి రుచి. ఇక్కడ నిమిషం గడిస్తే పోయింది.

పచ్చి సాల్మన్‌లో పురుగుల భయం నిజమే. అందుకే ఇక్కడ పచ్చిగా వడ్డించే చేపని ముందు గడ్డకట్టించాలని నియమం ఉంది, సెల్సియస్‌లో సున్నాకి 20 డిగ్రీలు కింద ఏడు రోజులు, లేదా 35 డిగ్రీలు కింద 15 గంటలు. ట్యూనా లాంటి కొన్నిటికి మినహాయింపు. కాబట్టి ఫ్రోజెన్ అనగానే పాతదని మొహం ముడుచుకోకు. ఇంట్లో మాత్రం మార్కెట్లో కొన్న సాల్మన్‌ని పచ్చిగా కోసి ప్రయోగాలు చెయ్యకు.

జియోడక్ అని కనపడితే గూయీడక్ అని పలకాలి. ఇక్కడి ప్యూజెట్ సౌండ్ ఇసకలో దొరికే పెద్ద ఆలిచిప్ప. చూడ్డానికి అసహ్యం, కొరికితే కరకర, తీపి. మీ అత్తయ్య దాని వంక చూడదు, నేను వదలను.

ఇప్పుడు అసలు చిక్కు. స్వాతి చేప తినదు, గుడ్డూ తినదు. "వెజ్ రోల్స్ ఉంటాయిలే" అని ధీమాగా వెళ్లకు. జపనీస్ వంటలో కనపడని చేప ఉంటుంది. దాషీ అంటారు, ఎండబెట్టిన బొనీటో చేప తురుము, సముద్రపు నాచు వేసి కాచిన రసం. మీసో సూప్‌లో అదే, టెంపూరా అనే వాళ్ల బజ్జీల పక్కన పెట్టే సాస్‌లో అదే, ఇనారి అని తియ్యటి టోఫు సంచిలో అన్నం పెట్టి ఇస్తారే, ఆ సంచి ఉడికించేదీ చాలాచోట్ల అందులోనే. "నో ఫిష్" అంటే సరేనంటారు, రసాన్ని వాళ్లు చేప కింద లెక్కవెయ్యరు. "దాషీ కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. అక్కడికెళ్లాక కాదు, బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి చెప్పు. కొన్ని కౌంటర్లలో కూర్చున్న అందరూ ఒమకాసే తీసుకోవాలంటారు, తనకి విడిగా చేస్తారో లేదో కూడా అప్పుడే కనుక్కో.

స్వాతి తినగలిగిన రోల్స్‌లో దోసకాయది కప్ప మాకి, మాకి అంటే రోలే. మన కప్ప కాదులే, దోసకాయలంటే ప్రాణమిచ్చే వాళ్ల నీటి పిశాచం పేరు అది. తనకి ఇది చెప్పు, నవ్వుతుంది. అవకాడో రోల్, పసుపుపచ్చ ముల్లంగి ఊరగాయ పెట్టిన రోల్ బాగుంటాయి. ఇంకోటి కంప్యో. ఏంటనుకున్నావు? మన ఆనపకాయే! రిబ్బన్లలా చెక్కి, ఎండబెట్టి, సోయాసాస్‌లో తియ్యగా ఉడికిస్తారు. ఆనపకాయకి ఇంత దర్జా ఎక్కడా చూడలేదు నేను. ఉడికించింది దాషీలోనా అని ఒక్క మాట అడిగి తీసుకోండి. తనకి చేసే ముందు కత్తీ పలకా కడగమంటే మంచి షాపువాళ్లు ఏమీ అనుకోరు.

సెంటు దట్టంగా కొట్టుకుని వెళ్లొద్దు ఇద్దరూ. పక్కవాళ్లకి చేప వాసన కూడా తెలీదు.

బిల్లు దగ్గర నా అనుభవం ఒకటి చెప్పాలి. మెనూలో ధర బదులు మార్కెట్ ప్రైస్ అని ఉంటే సిగ్గుపడకుండా ఎంతని అడుగు. నేను అడక్కుండా సముద్రపు అర్చిన్ అనే ముళ్ల జీవిని రెండుసార్లు తెప్పించి, ఆ నెలంతా మీ అత్తయ్య చేత మాటలు తిన్నాను. ఇంకోచోట బిల్లులో 20 శాతం సర్వీస్ చార్జి ముందే వేసి ఉంది. నేను చూసుకోకుండా మళ్లీ 20 శాతం టిప్ రాసి సంతకం పెట్టాను. బయటికొచ్చాక గానీ తెలీలేదు, వెనక్కి వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు. నువ్వు సంతకానికి ముందు ప్రతి లైనూ చదువు. సేల్స్ టాక్స్ ఎలాగూ పది శాతం పైచిలుకు ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న నెలైతే సాయంత్రం హ్యాపీ అవర్‌కి, లేదా మధ్యాహ్నం లంచ్‌కి వెళ్లు, ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇంకో రోజు వీలుచూసుకుని డౌన్‌టౌన్‌ని ఆనుకుని ఉన్న ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్‌లో మనేకి అనే పాత జపనీస్ హోటల్‌కి వెళ్లండి. 1904 నుంచీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఇక్కడి జపనీస్ కుటుంబాలన్నిటినీ నిర్బంధ క్యాంపులకి తరలించినప్పుడు మూతపడింది, పాత భవనాన్ని దోచేశారు, యుద్ధం అయ్యాక ఇంకో చిన్నచోట మళ్లీ తెరిచారు. 1960లలో టోక్యో నుంచి వచ్చిన షిరో కషిబా ఈ ఊళ్లో మొదటి సుషీ బార్ మొదలెట్టింది అందులోనే. అక్కడ జపనీస్ తాతలూ మనవలూ పక్కపక్కన కూర్చుని తింటుంటారు.

పెళ్లిరోజు శుక్రవారం పడింది కదా, పార్కింగ్ కోసం అరగంట తిరగాల్సి వస్తుంది, ఆలస్యమైతే కౌంటర్ సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ముందుగా బయల్దేరండి. స్వాతికి అక్కడ దొరికేది నాలుగు రోల్సే, అవి కూడా వేలెడంత. నాలుగింటికి కాస్త ఉప్మా చేసిపెట్టి తీసుకెళ్లు. నువ్వు మాత్రం ఏమీ తినకు.

మీ మావయ్య