టెంటు లోపల తడి: కారడం కాదు, ఆవిరి

మీరు చెప్పిన వివరాలు ఇవి: డిసెంబరులో లంబసింగి దగ్గర, తాజంగి జలాశయం ఒడ్డున బయలులో టెంటు వేశారు. ఇద్దరు పడుకున్నారు. చలికి జిప్పులన్నీ మూసేశారు. వాన చినుకు లేదు. అయినా తెల్లవారేసరికి లోపలి గుడ్డంతా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగులు కాళ్ల వైపు తడి. టెంటు కారుతోందేమో, కొత్తది కొనాలా అని అడిగారు.

కొనవద్దు. కారే టెంటులో నీరు కుట్ల వెంబడి, ఏదో ఒక మూల నుంచి దిగుతుంది. మీకు గుడ్డంతా సమంగా చెమర్చింది. పైగా వాన లేని రాత్రి. ఆ నీరు మీ ఇద్దరి ఊపిరి నుంచి, ఒంటి నుంచి, కింది తడి నేల నుంచి, జలాశయం మీది గాలి నుంచి వచ్చింది. దుకాణంలో అమ్మే వాటర్‌ప్రూఫ్ స్ప్రే కూడా ఇక్కడ పనికిరాదు. అది బయటి వానను జారవిడవడానికి మాత్రమే.

నిద్రపోయే మనిషి రాత్రంతా కలిపి సుమారు ఒక గ్లాసు నీటిని ఆవిరిగా వదులుతాడు. 20 డిగ్రీల వేడి ఉన్న గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 17 గ్రాముల ఆవిరి ఇముడుతుంది. అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములకు మించి ఇమడదు. మిగిలినదంతా ఎసరు గిన్నె మూతకు పట్టినట్టు చల్లని గుడ్డకు పడుతుంది. మూత తీసి ఉంచితేనే ఆవిరి బయటికి పోతుంది. మీరు జిప్పులన్నీ బిగించారు కాబట్టి దానికి దారి లేకపోయింది.

అయితే జిప్పుల కంటే ముందు చూసుకోవలసింది చోటు. చాలామంది దీన్ని పట్టించుకోరు. మబ్బు లేని రాత్రి టెంటు పై గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా మారుతుంది. అందుకే బయలులో వేసిన ఖాళీ టెంటుకు కూడా మంచు పడుతుంది, బయట నిలిపిన బైకు సీటు తడిసినట్టే. చెట్టు కింద అంత చల్లబడదు. ఆకాశానికీ గుడ్డకూ మధ్య కొమ్మలు అడ్డుంటాయి. మన్యంలో కాఫీ తోటలకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు కదా, ఒకసారి తోట యజమాని అనుమతితో ఆ చెట్ల కింద ఒక టెంటు, పక్కనే బయలులో మరొకటి వేసి పడుకున్నాం. రెండింటిలోనూ ఇద్దరేసి మనుషులం, రెండింటికీ తలుపులు సగం తెరిచే ఉన్నాయి. తెల్లవారి బయలు టెంటును పిండవలసి వచ్చింది. చెట్ల కిందిది చేత్తో తుడిస్తే సరిపోయింది. ఎండు కొమ్మలు వేలాడే చెట్టు కింద మాత్రం వద్దు.

నీటి ఒడ్డు ఫోటోకు బాగుంటుంది, పడకకు మంచిది కాదు. చల్లగాలి బరువైనది, రాత్రి వాలు వెంబడి జారి పల్లంలో, జలాశయాల దగ్గర, కోత అయిన వరిమళ్లలో నిలుస్తుంది. పొగమంచు ముందు కమ్మేది కూడా అక్కడే. వాలు మీద కాస్త ఎగువకు, కొద్దిగా గాలి ఆడే చోటికి జరిగితే రాత్రి తీరే మారిపోతుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద పొద్దున చూసే మేఘాల సముద్రం కూడా లోయలో నిలిచిన ఆ తేమే. మేఘం మీరున్న శిఖరాన్నే కమ్మేస్తే మాత్రం ఏం చేసినా తడుస్తుంది. ఆ రోజు తుడుచుకోవడం తప్ప మార్గం లేదు.

ఇక గాలి సంగతి. కింద ఒకటి, పైన ఒకటి, రెండు దారులు కావాలి. వెచ్చని తేమగాలి పైకి పోతుంది, కింది నుంచి పొడిగాలి వస్తుంది. తలుపు దోమతెర మూసి, గుడ్డ జిప్పు పై సగం తెరిచి ఉంచండి. రెండు పొరల టెంటైతే, పై పొరకు ఉన్న చిన్న గాలి కిటికీలను వాటి పుల్లలతో తెరిచి నిలబెట్టండి. పై పొరను తాళ్లతో బిగించి లాగితే లోపలి పొరకు తగలదు. నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది కాబట్టి పడుకునే ముందు తాళ్లు మరోసారి బిగించాలి. మీ కాళ్ల వైపు తడి దీనివల్లే అని నా నమ్మకం: బ్యాగు చివర గుడ్డకు ఆనుకుని ఉంటుంది.

తెరిస్తే చలి వేయదా అంటారు. టెంటు గాలిని ఆపుతుందే కానీ వెచ్చదనం ఇవ్వదు. వెచ్చదనం ఇచ్చేవి స్లీపింగ్ బ్యాగు, కింద పరిచే మందపాటి చాప, తలకు ఉన్ని టోపీ. తలుపు సగం తెరిచినా వేడిలో తేడా స్వల్పమే, తడిసిన బ్యాగులో వేసే చలి ముందు అది లెక్కలోకి రాదు. ముక్కూ నోరూ బ్యాగు బయటే ఉంచండి. లోపల ఊపిరి వదిలితే ఆ తేమంతా దూదిలోకి పోతుంది. మంకీ క్యాపు, పలుచని మఫ్లరు చాలు.

పర్యాటకుల చోట్ల అద్దెకిచ్చే టెంట్లు చాలావరకు ఒకే పొరవి. వేసుకునే ముందు టెంటు పైకప్పులో దోమతెర ఉందో లేదో చూడండి. లేకపోతే ముగ్గురి టెంటు ఇద్దరికి తీసుకుని గోడలకు దూరంగా పడుకోండి. కింద పరిచే పట్టా టెంటు అంచు దాటి బయటికి రాకూడదు, మంచునీరంతా దాని మీదుగా మీ కిందికి చేరుతుంది. తడి బట్టలు, బూట్లు సంచిలో కట్టి బయటి వరండా భాగంలో పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు, ఉప్పు గిన్నెలు పెట్టమనే సలహాలు నమ్మవద్దు. ఇద్దరు వదిలే ఆవిరిని పీల్చాలంటే కిలోకు పైగా సిలికా జెల్ కావాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. లోపల స్టవ్ వెలిగించకండి. 100 గ్రాముల గ్యాసు కాలితే 150 గ్రాములకు పైగా నీటి ఆవిరి వస్తుంది. అంతకంటే ముఖ్యం, కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికి తట్టుకోలేక నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని పడుకున్నవాళ్లు నిద్రలోనే పోయే ప్రమాదం ఉంది. మంట ఎంత చిన్నదైనా, తలుపు తెరిచి ఉన్నా, వద్దు.

పొద్దున్నే ఎండ తగలకముందే పలుచని నూలు తువ్వాలుతో గుడ్డను పై నుంచి కిందికి తుడిచి, తువ్వాలును బయట పిండండి. ఆలస్యం చేస్తే మనుషుల కదలికకు బొట్లు రాలి పడకల మీద పడతాయి. తడి టెంటును మడిచి తెచ్చినా ఇంటికి రాగానే విప్పి నీడలో ఆరేయాలి. లేకపోతే బూజు పడుతుంది, లోపలి పూత జిగటగా మారి ఊడిపోతుంది. మీ బ్యాగు ఈకలదా, సింథటిక్ దూదిదా చెప్పలేదు. ఈకలదైతే తడికి ఉండకట్టి వేడి నిలుపుకోలేదు, కాబట్టి ఇప్పుడే పూర్తిగా ఆరబెట్టి, ఉండలు చేత్తో విడదీసి, బిగించి చుట్టకుండా వదులు సంచిలో ఉంచండి.