తులూజ్‌లో మంచి బాగెట్ ఏ షాపులో దొరుకుతుంది?

ఉద్యోగం మీద కొత్తగా ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చానని, ఇక్కడ అన్నిటికన్నా మంచి బాగెట్, అంటే ఆ పొడవాటి ఫ్రెంచి రొట్టె, ఏ షాపులో దొరుకుతుందని అడిగారు. షాపు పేరు చెప్పను. మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేదే మంచి షాపు. బాగెట్ రుచి ఉండేది కొన్ని గంటలే. అవార్డు వచ్చిందని మెట్రోలో ఊరు దాటి వెళ్లి తెచ్చుకుంటే, ఇల్లు చేరేసరికే పెచ్చు మెత్తబడిపోతుంది. 2022లో యునెస్కో గుర్తింపు వచ్చాక బాగెట్ పండితులు, టాప్ టెన్ వీడియోలు మరీ ఎక్కువయ్యాయి. వాటిని పట్టించుకోకండి.

బోర్డు మీద ‘బులాంజరీ’ (రొట్టెల షాపు) అని ఉందో లేదో చూడండి. 1998 చట్టం ప్రకారం పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడే చేసేవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. లోపల మామూలు బాగెట్ కాకుండా ‘ట్రడిస్యోఁ’, అంటే సంప్రదాయ పద్ధతిలో చేసినది, అడగండి. 1993లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం దాని పిండిని ఫ్రీజ్ చేయకూడదు. కొన్ని సెంట్లు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

నాకు ఈ విద్య నేర్పింది ఇక్కడి సెంసిప్రియాఁ పేటలో ఒక మామ్మగారు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, క్యూ రోడ్డు మీదికొచ్చింది. ఆవిడ నా ముందు ఉన్నారు. కౌంటర్లో అమ్మాయి ఒకటి తీసి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపారు. ఇంకోటి తీసింది. అదీ వద్దన్నారు. వేలితో బుట్టలో అడుగున ఉన్న, బాగా ఎర్రగా కాలినదాన్ని చూపించారు. మన దగ్గరైతే వెనకనుంచి “త్వరగా కానివ్వండమ్మా” అని నలుగురు అరిచేవాళ్లు. ఇక్కడ ఒక్కరూ విసుక్కోలేదు. ఆవిడ గుమ్మం దాటకుండానే కొస తుంచి నోట్లో వేసుకుంటే కరకరమన్న చప్పుడు నాకు వినిపించింది. నా వంతు రాగానే “నాకూ అలాంటిదే” అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, “బియాఁ క్విత్” అంది. బాగా కాలినది అని. అప్పటి నుంచీ నేను అడిగేది అదే.

అన్నట్టు, ముందు “బోంజూర్” (నమస్కారం) చెప్పండి. మనవాళ్లు తిన్నగా “వన్ బాగెట్” అని వేలు చూపించి, తర్వాత ఫ్రెంచివాళ్లకు పొగరని తిట్టుకుంటారు. విమానాలు తయారుచేసే ఎయిర్‌బస్ కంపెనీ పుణ్యమా అని వచ్చిన మా స్నేహితులైతే సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో ఉన్నవి వారానికి సరిపడా కొని ఫ్రిజ్‌లో తోస్తారు. పైగా “ఈ కట్టెలు ఎలా తింటారురా వీళ్లు” అంటారు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడుతుందని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

మీ వీధి షాపుకు వారంలో సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి, చాలా వాటికి సోమవారం. ఆగస్టులో అయితే వారాల తరబడి షట్టరు వేసి ఉంటుంది. అందుకే రెండో షాపు కూడా ఒకటి చూసి పెట్టుకోండి.